సముద్రం లేని ఊళ్ళో నౌకాయాన పాఠం: ముందు అంచనా, తర్వాతే ఫోను

దేవరకొండ వైపు గురుకుల పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్న మీరు అడిగింది ఇదీ: తొమ్మిదో తరగతి పిల్లలకు సైన్స్ క్లబ్‌లో సముద్రం మీద దారి కనుక్కునే పద్ధతులు, పాతవీ కొత్తవీ, నేర్పాలి. పిల్లల్లో చాలామంది సముద్రాన్ని చూడనే లేదు. డబ్బు లేదు. ఏది ముందు చెప్పాలి, సెక్స్‌టెంట్ (సూర్యుడి, నక్షత్రాల ఎత్తు కొలిచే నౌకా పరికరం) కొనాలా, దీనివల్ల పిల్లలకు ఉద్యోగపరంగా ఏమైనా ఒరుగుతుందా?

వాణిజ్య నౌకల్లో నావిగేషన్ అధికారిగా చేసి, ఇప్పుడు నల్గొండ చుట్టుపక్కల బడుల్లో ఇదే పాఠం చెబుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ఓపికగా చదవండి.

ముందు ఒక మాట. పాతవన్నీ ఒక వారం, కొత్తవన్నీ ఒక వారం అని పంచుకోకండి. అలా చెప్పిన చోట పిల్లలకు మిగిలేది రెండే: మన పూర్వీకులు గొప్పవాళ్ళు, ఇప్పుడు మాత్రం జీపీఎస్ ఉంది. ఈ రెండూ పాఠం వినకముందు కూడా వాళ్ళకు తెలుసు. నౌక మీద అధికారి చేసే పని వేరు. తాను ఇప్పుడు ఎక్కడ ఉండాలో ముందు లెక్కకట్టి చార్టు (సముద్ర పటం) మీద పెన్సిల్‌తో గుర్తు పెడతాడు. తర్వాత నక్షత్రమో, దీపస్తంభమో, రాడారో, ఉపగ్రహమో చెప్పిన స్థానాన్ని దాని పక్కన పెడతాడు. రెండింటికీ తేడా వస్తే ఎందుకు వచ్చిందని అడుగుతాడు. ఆ తేడాలోనే ప్రవాహం ఎటు లాగుతోందో, గడియారం ఎంత తప్పిందో, దిక్సూచి ఎటు పక్కకు పోయిందో బయటపడుతుంది. కాబట్టి మీ క్లబ్బులో నియమం ఒక్కటే పెట్టండి: అంచనా నోటు పుస్తకంలో పెన్నుతో రాయాలి, కొట్టివేతలు ఉండకూడదు, ఆ తర్వాతే ఎవరైనా ఫోను తీయాలి. ఏ పద్ధతి నేర్పినా ఇదే వరుస.

మొదటి పాఠం నీడ. ఒక మీటరు ఎత్తున కర్ర పాతి మధ్యాహ్నం నీడ కొలిస్తే అక్షాంశం వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. వస్తుంది, కానీ పుస్తకంలో చెప్పినట్టు చేస్తే పాడుగా వస్తుంది. రెండు ఇబ్బందులున్నాయి. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకని కర్ర కొన నీడ దాదాపు సెంటీమీటరు మేర మసకబారి ఉంటుంది, పిల్లలు తలా ఒక చోట గీత పెడతారు. రెండోది, కర్ర పైకొన ఒక్క సెంటీమీటరు పక్కకు వాలినా లెక్కలో అర డిగ్రీ తప్పుతుంది. అర డిగ్రీ అంటే 30 నాటికల్ మైళ్ళు, అంటే 55 కి.మీ. పైమాటే. దేవరకొండలో ఉన్న మీ బడి నల్లమల అడవి మధ్యలో తేలుతుంది.

రెండింటికీ మందు ఒక్కటే. అట్టముక్కకు మూడు మిల్లీమీటర్ల రంధ్రం చేసి, దాన్ని కర్ర పైన నేలకు సమాంతరంగా అతికించండి. నీడ మధ్యలో చిన్న వెలుతురు బిళ్ళ పడుతుంది. అది సూర్యుడి ప్రతిబింబమే, అంచు స్పష్టంగా ఉంటుంది, నడిమధ్యన పెన్సిల్ మొన పెట్టడం తేలిక. ఇక ఆ రంధ్రం నుంచే దారం వేలాడదీసి చివర గుండు కట్టండి, తాపీమేస్త్రీ గోడ కట్టేటప్పుడు వాడేదే. గుండు కింద నేల మీద పడిన చోటు మీ మూలబిందువు. ఎత్తును అక్కడి నుంచి రంధ్రం దాకా, నీడను అక్కడి నుంచి బిళ్ళ మధ్య దాకా కొలవాలి. అప్పుడు కర్ర వంకరగా ఉన్నా బాధ లేదు. గుండు ఊగుతుంటే దాన్ని నీళ్ళ మగ్గులో వేలాడనిచ్చి, నిలబడ్డాక మగ్గు తీసి గుర్తు పెట్టుకోండి. రెండు మిల్లీమీటర్ల లోపు తేడాతో గుర్తు పెట్టగలిగితే మీ అక్షాంశం పది పన్నెండు కిలోమీటర్ల లోపు వస్తుంది. అట్టముక్క, దారం, గుండుతో అంతకంటే ఏం కావాలి!

సెప్టెంబరు 23న దేవరకొండలో మీటరు ఎత్తుకు మధ్యాహ్నపు నీడ 30 సెం.మీ. ఉండాలి. మీ అక్షాంశం 16.7 డిగ్రీలు, ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖ మీద ఉంటాడు. డిసెంబరు 21న అదే నీడ 84 సెం.మీ. అవుతుంది, ఎందుకంటే సూర్యుడి క్రాంతి (భూమధ్యరేఖ నుంచి సూర్యుడు ఎంత పక్కకు ఉన్నాడో చెప్పే కోణం) దక్షిణంగా 23.4 డిగ్రీలు, రెండూ కలిపి 40.1. జూన్ 21న మాత్రం పిల్లలు మిమ్మల్ని అనుమానంగా చూస్తారు. మధ్యాహ్నపు నీడ 12 సెం.మీ. ఉండి, దక్షిణానికి పడుతుంది. మే 6-7 తేదీల్లో సూర్యుడు మీ నడినెత్తి మీదకొచ్చి, ఆ తర్వాత ఉత్తరానికి దాటిపోతాడు. మళ్ళీ ఆగస్టు 6 ప్రాంతంలో వెనక్కి వస్తాడు. నడుమ మూడు నెలలూ మన మధ్యాహ్నపు నీడ దక్షిణానిదే. పుట్టిన నాటి నుంచీ ఇక్కడే తిరుగుతున్న పెద్దవాళ్ళకు కూడా ఈ సంగతి తెలియదు. సూర్యుడు రోజూ సరిగ్గా తూర్పున ఉదయిస్తాడన్న నమ్మకాన్నీ పనిలో పనిగా వదిలించండి. జూన్ 21న మీ దగ్గర సూర్యోదయం సరైన తూర్పుకు 24 డిగ్రీలకు పైగా ఉత్తరంగా ఉంటుంది, డిసెంబరులో అంతే దక్షిణంగా. సూర్యోదయాన్ని చూసి నావను నడపాలంటే తేదీ తెలిసి ఉండాలన్నమాట.

ఇక రేఖాంశం. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇదే, మీకు రెండో బడి ఒకటి దొరికితే.

పద్ధతి పాతదే. శంకువు (నిలువుగా పాతిన కర్ర) చుట్టూ వృత్తం గీసి, పొద్దున నీడ కొన వృత్తాన్ని తాకిన చోటునూ, మధ్యాహ్నం తర్వాత మళ్ళీ తాకిన చోటునూ కలిపితే తూర్పు పడమర గీత వస్తుందని సూర్యసిద్ధాంతంలోనే ఉంది. ఆలయాలకూ ఇళ్ళకూ దిక్కులు నిలిపింది ఇలాగే. మీరు దానికి గడియారం జోడించండి. వెలుతురు బిళ్ళ వృత్తాన్ని పొద్దున 10 గంటల 52 నిమిషాలకు దాటి, మధ్యాహ్నం 1 గంట 36 నిమిషాలకు మళ్ళీ దాటిందనుకోండి. నడిమి సమయం 12 గంటల 14 నిమిషాలు. అదే మీ బడి అసలైన మధ్యాహ్నం. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి, ఆ గీత కాకినాడ దగ్గరగా పోతుంది. అక్కడి కంటే మీకు 14 నిమిషాలు ఆలస్యం. సూర్యుడు ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు తీసుకుంటాడు కాబట్టి మూడున్నర డిగ్రీలు పడమర, అంటే 79 డిగ్రీలు. దేవరకొండ అసలు రేఖాంశం 78.9. తేడా పది కిలోమీటర్లలోపే.

ఈ లెక్క డిసెంబరు 25 ప్రాంతంలో చేస్తే నేరుగా సరిపోతుంది. మిగతా రోజుల్లో సూర్యుడు గడియారంతో కలిసి నడవడు. నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనకబడతాడు. ఆ సవరణ పట్టిక ముందే ఇచ్చేయకండి. నవంబరులో పిల్లలకు మధ్యాహ్నం 11 గంటల 58 నిమిషాలకు వచ్చి, లెక్కప్రకారం బడి కాకినాడను దాటి బంగాళాఖాతంలో తేలితే వాళ్ళే మీ దగ్గరికి వస్తారు. అప్పుడు చెప్పండి.

రెండో బడి ఎందుకంటే, ఆ సవరణ ఏదీ అక్కర్లేకుండా రేఖాంశాల తేడా పట్టుకోవచ్చు. కోదాడలో ఒక బడి, గద్వాలలో ఒక బడి ఒకే రోజు ఈ పని చేస్తే, కోదాడ మధ్యాహ్నానికీ గద్వాల మధ్యాహ్నానికీ ఎనిమిదిన్నర నిమిషాలకు పైగా తేడా వస్తుంది. మీరు ఇద్దరికీ దాదాపు నడుమ ఉన్నారు: కోదాడ కంటే నాలుగు నిమిషాలు ఆలస్యం, గద్వాల కంటే నాలుగున్నర ముందు. సాయంత్రం ఫోనులో అంకెలు చెప్పుకోండి. ఒక్క నిమిషం తప్పితే మన అక్షాంశం దగ్గర 26 కి.మీ. పైగా తప్పుతుంది, ఈ సంగతి పిల్లలు తమ లెక్కల్లోనే చూస్తారు. 1714లో బ్రిటిష్ పార్లమెంటు రేఖాంశం కనుక్కున్నవాడికి 20,000 పౌండ్ల బహుమతి ఎందుకు ప్రకటించిందో, జాన్ హారిసన్ అనే వడ్రంగి జీవితమంతా ఒక గడియారం మీదే ఎందుకు గడిపాడో అప్పుడు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 1761లో జమైకాకు బయలుదేరిన ఆయన నాలుగో గడియారం, దాని నడక రేటు సవరించి చూస్తే, 81 రోజుల్లో 5 సెకన్లు మాత్రమే వెనకబడింది. భూమధ్యరేఖ దగ్గర నాలుగు సెకన్లంటే ఒక నాటికల్ మైలు. పిల్లల్నే లెక్కవేయమనండి.

రాత్రి పాఠానికి ధ్రువతార చాలు. దేవరకొండలో అది ఉత్తరాన 16.7 డిగ్రీల ఎత్తున ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే పది డిగ్రీలు, కాబట్టి ఒకటిన్నర పిడికిలి కంటే కొంచెం పైన. సప్తర్షులు పైకి రాని చలికాలపు సాయంత్రాల్లో శర్మిష్ఠను పట్టుకుని వెతకాలి. ధ్రువతార అసలైన ఉత్తర ధ్రువం నుంచి అర డిగ్రీకి కాస్త ఎక్కువగానే పక్కకు ఉంటుందని పెద్ద తరగతుల పిల్లలకు చెప్పండి, చిన్నవాళ్ళకు వద్దు.

అరబ్బు నావికులూ, వాళ్ళతో పాటు మన పశ్చిమ తీరపు నావికులూ ఈ ఎత్తును కొలవడానికి కమాల్ అనే సాధనం వాడారు. చిన్న చెక్కపలక, మధ్యలో రంధ్రం, అందులోంచి ముడులు వేసిన దారం. ముడిని పళ్ళ మధ్య పట్టుకుని దారం బిగిసేదాకా పలకను ముందుకు చాపుతారు. పలక కింది అంచు సముద్రం అంచుకు, పై అంచు ధ్రువతారకు తాకితే ఆ ముడికి చెందిన రేవు అక్షాంశంలో ఉన్నట్టు. ఆ అక్షాంశం అందేదాకా ఉత్తరానికో దక్షిణానికో సాగి, అందాక తిన్నగా తూర్పుకో పడమరకో తిరిగితే రేవు తగులుతుంది. రేఖాంశం తెలియని రోజుల్లో మహాసముద్రాలు దాటింది ఈ ఉపాయంతోనే.

మీకు చెక్క కూడా అక్కర్లేదు. జామెట్రీ బాక్సులో ఉండే 15 సెం.మీ. స్కేలు చాలు. దాని నడుమ దారం కట్టి, కంటి నుంచి స్కేలు దాకా 51 సెం.మీ. వచ్చేలా ముడి వేస్తే అదే దేవరకొండ ముడి. బందరుకు 53, విశాఖకు 48, చెన్నైకి 65, ఢిల్లీకి 29. ఒక్కో జట్టు ఒక్కో ఊరి ముడి లెక్కగట్టి వేసి, పేరు చెప్పకుండా పక్క జట్టుకు ఇవ్వాలి. వాళ్ళు ముడి కొలిచి ఏ ఊరో కనిపెట్టాలి. త్రికోణమితి పాఠం చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాకు దొరకలేదు. కన్యాకుమారి ముడి వేయమనండి, దారం మీటరు దాటిపోతుంది, ఏ చెయ్యీ చాలదు. పాత నావికులు దక్షిణానికి పోయేకొద్దీ చిన్న పలక ఎందుకు తీసేవారో అప్పుడు తెలుస్తుంది.

చిక్కల్లా సముద్రం అంచు. మీ దగ్గర కనుచూపు మేరలో గుట్టలే. డిండి జలాశయానికో నాగార్జునసాగర్‌కో వెళ్ళినప్పుడు దక్షిణపు ఒడ్డున నిలబడి నీటి మీదుగా ఉత్తరానికి చూడండి, అవతలి గట్టు తక్కువగా ఉన్న చోట దాదాపు సరిపోతుంది. బడి డాబా మీదైతే కోణమానినికి స్ట్రా అతికించి, మధ్య నుంచి గుండు వేలాడదీయడమే మేలు. దానికి దిగంతంతో పని లేదు.

మన అక్షాంశానికి ఉన్న అదృష్టం ఒకటుంది. ఫిబ్రవరి సాయంత్రాల్లో దక్షిణం వైపు అగస్త్య నక్షత్రం 20 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది, ఉత్తరాన ధ్రువతార 17 డిగ్రీల దగ్గర కూర్చుని ఉంటుంది. ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణార్ధగోళపు నావికులకు దారిచూపే సదరన్ క్రాస్ కూడా దిగంతం మీద కాసేపు నిలబడుతుంది. లండన్‌లో ఉన్నవాడు దాన్ని ఎన్నటికీ చూడలేడు, సిడ్నీలో ఉన్నవాడికి ధ్రువతార లేదు. మన పిల్లలు ఒకే రాత్రి రెండూ చూస్తారు. మృగశిర ఉన్న ఓరియన్ నక్షత్ర మండలంలో నడుమనున్న మూడు నక్షత్రాలు దాదాపు సరిగ్గా తూర్పున ఉదయించి సరిగ్గా పడమరన అస్తమిస్తాయి. మృగశిర కార్తె ఎప్పుడో తెలియని రైతు కుటుంబం మీ బడిలో ఉండదు. ఆ పేరు దగ్గరే మొదలుపెట్టండి.

సెక్స్‌టెంట్ కొనవద్దు. కొనగలిగినా మొదటి ఏడాది వద్దు. ఎవరైనా పాతది ఇస్తే మాత్రం ఒక విషయం గుర్తుంచుకోండి. సముద్రపు అంచు లేని చోట పళ్ళెంలో వాడేసిన నల్లటి ఇంజన్ ఆయిల్ పోసి, గాలి తగలకుండా అడ్డుపెట్టి, ఆకాశంలో సూర్యుడికీ నూనెలో సూర్యుడికీ మధ్య కోణం కొలిచి సగం చేస్తారు. ముందుగా పరికరపు సొంత తప్పు తీసేసి, ఆ తర్వాత సగం చేయాలి. రెండు బింబాలనూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పెడితే బింబం వ్యాసార్ధపు సవరణ అక్కర్లేదు. అయితే సెక్స్‌టెంట్ సాధారణంగా 120 డిగ్రీలు, ఆపైన కొంచెం మాత్రమే కొలుస్తుంది. మన మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదిలో ఎక్కువ కాలం 60 డిగ్రీల కంటే పైనే ఉంటాడు, రెండింతలు చేస్తే పరికరంలో పట్టడు. నవంబరు మొదలు ఫిబ్రవరి రెండో వారం దాకానే ఈ పని కుదురుతుంది. రంగు అద్దాలు సరిగ్గా ఉన్నాయో లేదో మీరు స్వయంగా చూడకుండా ఏ పిల్లవాడి కంటికీ దాన్ని ఆనించవద్దు, నూనెలోని సూర్యుడికి కూడా అద్దం వేయాలి. చలువ కళ్ళజోళ్ళు, ఎక్స్‌రే ఫిల్ములు ఈ పనికి రావు.

దిక్సూచి గురించి రెండు ముక్కలు. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ తేడా స్వల్పం, పిల్లల స్థాయికి వదిలేయవచ్చు. వదలకూడనిది ఇనుము. ఇనుప బెంచీ మీద, మోటార్ సైకిల్ ట్యాంకు పక్కన, చెట్టు కింద ఒకే దిక్సూచి పెట్టి మూడు అంకెలు రాయించండి. నౌక అంతా ఇనుమే కాబట్టి ప్రతి నౌకకూ తన తప్పుల పట్టిక ఒకటి గోడకు వేలాడుతూ ఉంటుంది.

వేగం, దిశ, కాలం ఈ మూడింటితో స్థానం లెక్కగట్టడం అసలు పునాది. సాగర్‌లో లాంచీ ఎక్కే వీలుంటే, ముందు కొమ్ము దగ్గర నుంచి ఎండిన మొక్కజొన్న కండె ఒకటి నీటిలో వేయండి, వెనక కొమ్ము దగ్గరున్న విద్యార్థి అది తనను దాటిన క్షణం అరవాలి. లాంచీ 20 మీటర్లుండి 8 సెకన్లు పడితే సెకనుకు రెండున్నర మీటర్లు, దాదాపు 5 నాట్లు (నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు వేగం). పూర్వం ఓడల్లో తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి వేసి, 28 సెకన్ల ఇసుక గడియారంతో లెక్కపెట్టేవారు. ఈ కొలతలు ఎందుకు ఇంత వింతగా ఉన్నాయో పిల్లలనే భాగహారం చేయమనండి, గంటకు 1852 మీటర్లు, అంటే ఒక నాటికల్ మైలు, తేలుతుంది. కృష్ణలో తిరిగే పుట్టి మాత్రం ఈ పాఠానికి పనికిరాదు. తెడ్డు ఆపగానే గుండ్రంగా తిరుగుతుంది, దానికి ముందూ వెనకా లేదు.

కాగితం మీద లెక్కకు నిజమైన సముద్రాన్నే వాడండి. బందరు నుంచి ఒక పడవ 5 నాట్ల వేగంతో తిన్నగా తూర్పుకు ఒక రోజు సాగింది. మార్చిలో మన తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి పారుతుంది, నవంబరులో దక్షిణానికి. ప్రవాహం ఒక నాటు అనుకుంటే 24 గంటల్లో 24 మైళ్ళు, 44 కి.మీ. పక్కకు. ఒకే పడవ, ఒకే దిక్సూచి, ఒకే దారి, నెల మారితే 88 కి.మీ. తేడా. చార్టు మీద చుక్క పెట్టించకండి, వృత్తం గీయించండి. గంట గంటకూ వృత్తం పెద్దదవుతూ పోవాలి. దీపస్తంభం కనబడినప్పుడో, తాడుకు కట్టిన సీసం గుండు ఇన్ని బారల లోతు అని చెప్పినప్పుడో అది మళ్ళీ చిన్నదవుతుంది. గుండు అడుగున కొవ్వు పూసి దింపితే ఇసుకో బురదో అంటుకుని వస్తుంది, అదీ స్థానం గురించిన సాక్ష్యమే.

నల్గొండకూ సముద్రానికీ ఏమిటి సంబంధం అని ప్రధానోపాధ్యాయులు అడిగితే, అక్కెనపల్లిలో దొరికిన రోమన్ నాణేలను చూపించండి. ఎర్రసముద్రం నుంచి జూన్, సెప్టెంబరు మధ్య వీచే నైరుతి గాలితో వచ్చి, చలికాలపు ఈశాన్య గాలితో తిరిగి వెళ్ళిన ఓడల డబ్బు మన జొన్నచేల కింద బయటపడింది. శాతవాహనుల నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. గోల్కొండ సరుకు బందరు రేవుకు పోయింది కూడా మన నేల మీదుగానే. ఈ రోజు పుణె నుంచి సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి చివరి ఊరు మచిలీపట్నం.

అయితే గొప్పలు చెప్పడంలో హద్దు పెట్టుకోండి. వేదకాలంలోనే మనకు అన్నీ ఉన్నాయని చెప్పే వీడియోలు మీ పిల్లలు ఇప్పటికే చూసి ఉంటారు. ఋజువున్నదే చెప్పండి, అదే కావలసినంత ఉంది. పసిఫిక్ దీవులవాళ్ళ విద్య గురించి కూడా ఒక హెచ్చరిక. 1976లో మావు పియాయిలుగ్ అనే మైక్రోనీసియా నావికుడు ఏ పరికరమూ లేకుండా హొకులేయా అనే జంట పడవను హవాయి నుంచి తాహితి చేర్చాడు. నక్షత్రాలు ఉదయించే చోట్లు, అలల ఊపు, పక్షులు, ఇవే ఆయన సాధనాలు. ఈ కథ తప్పక చెప్పండి, కానీ నేర్పుతున్నామని అనకండి. ఆయన చిన్నప్పటి నుంచీ తాత దగ్గర నేర్చుకున్నది మనం శనివారాల్లో చెప్పలేం.

ఇప్పుడు ఫోను తీయించవచ్చు. మొదటి ప్రయోగం: ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆరుబయట లొకేషన్ చూడమనండి. సిమ్ లేకుండా, ఇంటర్నెట్ లేకుండా అక్షాంశ రేఖాంశాలు వస్తాయి. ఎక్కువమంది పిల్లలు జీపీఎస్ అంటే సెల్ టవర్ అనుకుంటారు, ఆ భ్రమ ఇక్కడ పోతుంది. ఉపగ్రహాలు దాదాపు 20,200 కి.మీ. ఎత్తు నుంచి తాము ఉన్న చోటునూ సమయాన్నీ పంపుతాయి, ఫోను ఆ సంకేతం ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసుకుని దూరం లెక్కగడుతుంది. మూడు ఉపగ్రహాలు చాలవా, నాలుగెందుకు అని ఎవరైనా అడిగితే ఆ పిల్లను మెచ్చుకోండి. నాలుగోది ఫోనులోని చవక గడియారం తప్పును సరిచేయడానికి. హారిసన్ సమస్యే మళ్ళీ వచ్చింది. కాకపోతే ఇక్కడ సెకనులో పది లక్షలో వంతు తప్పితే 300 మీటర్లు పోతాయి.

రెండో ప్రయోగం, అంకెలు చదవడం. ఫోను 16.69 అని చూపిస్తే పిల్లలు 16 డిగ్రీల 69 నిమిషాలు అని రాస్తారు. నిమిషాలు 60 దాటవు. అది 16 డిగ్రీల 41 నిమిషాలు. పెద్దవాళ్ళు కూడా తడబడే చోటు ఇది, సముద్రం మీద ఈ తడబాటుకు మైళ్ళ లెక్కన మూల్యం ఉంటుంది.

జీపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. ఉపగ్రహ సంకేతం చాలా బలహీనం, నేల మీది చిన్న యంత్రంతో దాన్ని ముంచేయవచ్చు, దొంగ సంకేతం కూడా పంపవచ్చు. 2017లో నల్లసముద్రంలో ఓడల తెరలు వాటిని నేల మీది విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. అమెరికా నౌకాదళ అకాడమీ ఒకప్పుడు మానేసిన నక్షత్ర నౌకాయాన పాఠాన్ని 2015లో తిరిగి తెచ్చుకుంది. ఎలక్ట్రానిక్ చార్టులు పెద్ద నౌకల్లో తప్పనిసరి అయ్యాయి, వాటి గురించి బొమ్మ చూపించి ముందుకు సాగండి. వాటిని నేర్పే సామగ్రి బడిలో దొరకదు, దొరికినా మీ పిల్లలకు ఇప్పుడది అక్కర్లేదు.

విహారయాత్రకు డబ్బు కూడితే విశాఖ దాకా పోనక్కర్లేదు. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది. దేశానికి సునామీ హెచ్చరికలు, మత్స్యకారులకు చేపలు దొరికే చోట్ల సూచనలు వెళ్ళేది అక్కడి నుంచే. ఉపగ్రహ చిత్రాలు అందుకునే ఎన్ఆర్ఎస్‌సీ కేంద్రం పాత మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ఉంది. మన సముద్ర చార్టులు తయారుచేసే కార్యాలయం కూడా డెహ్రాడూన్‌లో, కొండల మధ్య. ముందుగా లేఖ రాసి అనుమతి తీసుకోండి.

పాఠాల కాలం నవంబరు నుంచి మార్చి. జూన్‌లో మొదలుపెడితే మబ్బులు పట్టి పిల్లల ఉత్సాహం చల్లారుతుంది. వానాకాలంలో ముడులు, చార్టు పని, ప్రవాహాల లెక్కలు గది లోపల చేయించండి.

ఉద్యోగం సంగతి. ఓడను నడిపే డెక్ అధికారి కావాలంటే ఇంటర్‌లో ఎంపీసీ చదివి, గణిత భౌతిక రసాయన శాస్త్రాల్లో సగటున 60 శాతం, ఇంగ్లీషులో 50 శాతం తెచ్చుకుని, భారత సముద్ర విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ విశ్వవిద్యాలయానికి విశాఖలో ప్రాంగణం ఉంది. ఆడపిల్లలకు కూడా దారి ఉంది. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా తారిణి అనే తెరచాప నౌకలో భూమిని చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో బి. ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి, పి. స్వాతి విశాఖ అమ్మాయి. డబ్బు కడితే ఓడ మీద ఉద్యోగం ఇప్పిస్తామని ఊళ్ళలో తిరిగే ఏజెంట్లను నమ్మవద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పండి. సంస్థకు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఆమోదం ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఆసక్తి చూపిన పిల్లలకు ఇంటర్ చేరకముందే కంటి వైద్యుడి దగ్గర చూపుతో పాటు రంగుల గుర్తింపు పరీక్ష కూడా చేయించండి. రాత్రి ఎదురొచ్చే ఓడ ఎర్ర దీపం చూపుతోందా పచ్చ దీపం చూపుతోందా అన్నదాన్ని బట్టే తప్పుకోవాలో వద్దో తేలుతుంది కాబట్టి, రంగుల తేడా పట్టలేని వారిని డెక్ పనికి తీసుకోరు.